ఐదో ఫ్యూజు పక్కన ఎర్ర దారం

తను కట్టని ముడి ఒకటి తన పెళ్లాం బండిలో కనబడేసరికి నిమాకో చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కింద పడింది.

సోమవారం పొద్దున. కుమాసీ పట్నంలో, సువామే మెకానిక్ షెడ్ల మధ్య అప్పుడే సుత్తుల మోత మొదలైంది. అబ్రఫి తన పాత స్టేషన్ వ్యాగన్‌ని షెడ్డు ముందు ఆపి, తాళం చెవి అతని జేబులో పడేసి, "ఫ్యూజుల పెట్టె కరిగిపోయిందయ్యా, మార్చు. రేపు టమాటాలకి టెచిమాన్ పోవాలి" అని చెప్పి, సమాధానం వినకుండా బజారు వైపు వెళ్లిపోయింది. ఆ బండి వెనక అద్దం మీద పసుపు రంగులో 'చూసేవాళ్లకే బెంగ' అని రాయించింది కూడా ఆమే.

నిమాకో బ్యాటరీ తీగె ఊడదీసి, స్టీరింగు కింద వెల్లకిలా దూరి, పెట్టె మూత తీశాడు. ఐదో గదిలో ప్లాస్టిక్ మైనంలా కారి గడ్డకట్టింది. అందులో వేలెడు కూడా లేని తెల్ల పింగాణీ ఫ్యూజు మసిబొగ్గై ఇరుక్కుంది. దాని చుట్టూ ఎవరో రాగి తీగె చుట్టారు. ఫ్యూజు కాలిపోతే కొత్తది వెయ్యకుండా తీగె చుట్టి బండి పంపడమంటే, ఎలక్ట్రీషియన్ల సంఘంలో అంతకంటే పెద్ద తప్పు లేదు. తీగె కాలదు, పెట్టె కాలుతుంది. ఆ తర్వాత బండి కాలుతుంది.

కానీ అతని చూపు తీగె మీద నిలవలేదు. దాని పక్కన, కరిగిన గదిలోంచి కత్తిరించి వేరే ఫ్యూజుకి కలిపిన తీగె ఒకటి ఉంది. ఆ అతుకు మీద దగ్గర దగ్గరగా, పళ్లు పేర్చినట్టు పదకొండు చుట్లు. ఎర్ర దారం.

పని నేర్పిన మాస్టర్ ట్వుమాసి బతికున్న రోజుల్లో పని నేర్చుకుని బయటికెళ్లే ప్రతివాడి తలమీదా తెల్ల పౌడరు చల్లి, చేతిలో ఒక దారం రీలు పెట్టేవాడు. అతుకు వేశాక ముందు దారం, తర్వాత మైనం, ఆ పైన టేపు. దారం రంగు చూస్తే అది ఎవరి పనో తెలిసిపోవాలి. నిమాకోకి ఆకుపచ్చ వచ్చింది. అదే రోజు, అదే బెంచీ మీద, పక్కన కూర్చున్న అదార్క్వాకి ఎరుపు వచ్చింది.

అదార్క్వా! ఆరేళ్లు ఒకే కంచంలో తిన్నవాడు. నిమాకో కంటే జానెడు పొడుగు. నిమాకో కంటే ముందు అబ్రఫి వాళ్లింటికి రెండుసార్లు వెళ్లి కబుర్లు చెప్పొచ్చినవాడు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా నిమాకో ఆ రెండుసార్లూ మర్చిపోలేదు.

అతను స్టీరింగు కింద నుంచి బయటికొచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కాలికి క్లచ్చు అందలేదు. సీటు వెనక్కి జరిగి ఉంది. అబ్రఫి అతని భుజానికి వస్తుంది. ఆమె కూర్చుంటే సీటు ఎప్పుడూ స్టీరింగుకి అతుక్కుపోయినట్టుంటుంది.

ఈ సీట్లో ఎవరో పొడుగువాడు కూర్చున్నాడు.



*

పాత సామాన్ల బాఫో కొట్లో బండి లోపల ఉండే వస్తువేదైనా దొరుకుతుంది, బాఫో నోట్లో బండి బయట జరిగేదేదైనా దొరుకుతుంది.

"రా బావా రా! ఫ్యూజుల పెట్టెకేగా?" అన్నాడు బాఫో, నిమాకో ఇంకా నోరు తెరవకముందే.

"నీకెలా తెలుసు?"

"తీసి పక్కన పెట్టించాడుగా అదార్క్వా! శుక్రవారం పొద్దున వచ్చి నా కొట్టంతా తిరగేశాడు. పన్నెండు పెట్టెలు చూసి పదకొండు అవతల పడేశాడు. ఇదిగో, దీనికి ఒక్క పగులు లేదు, ఒక్క రేకు తుప్పు లేదు. 'సోమవారం నిమాకో వస్తాడు, ఇది ఇవ్వు, నేను చెప్పానని మాత్రం చెప్పకు' అన్నాడు."

"మరి చెప్పావుగా?"

"నువ్వు అడిగావుగా!" బాఫో పకపకా నవ్వాడు. "నా పెళ్లాం బండికి ఇంత శ్రద్ధ తీసుకునేవాడు ఒక్కడుంటే నేను కొట్టు మూసుకుని హాయిగా పడుకుందును బావా."

"పళ్లు రాలతాయి బాఫో."

"రాలితే రాలనీ, పాత పళ్లు కూడా ఇక్కడే అమ్ముకుంటా."

నిమాకో పెట్టె చంకలో పెట్టుకుని నడిచాడు. సోమవారం వస్తాడని అదార్క్వాకి ముందే తెలుసు. అంటే ఆమె చెప్పింది. ఇద్దరూ మాట్లాడుకున్నారు. శుక్రవారానికి ముందే. అయినా శుక్ర, శని, ఆదివారాలు మూడూ తనతో ఒకే పళ్లెంలో ఫూఫూ ముద్దలు తింటూ, చర్చిలో తన పక్కనే కూర్చుని, అబ్రఫి ఒక్క ముక్క అనలేదు.

పెట్టె మార్చడం అతనికి కళ్లు మూసుకుని చేసే పని. పాత పెట్టె కిందికి దించి, తీగెలన్నీ ఒక్కసారి ఊడదియ్యకుండా, ఒక్కొక్క తీగె పాతదాంట్లోంచి తీసి వెంటనే కొత్తదాంట్లో అదే గదిలో బిగించాలి. అలా అయితే వరస తప్పదు. కాలిన తీగెల కొనలు కత్తిరించి, రాగి మెరిసేదాకా గీకి, కొత్త కొన తొడగాలి. స్టీరింగు కింద చీకట్లో అతని ఎడమ చెయ్యి పాములా తిరుగుతుంది. నిమాకోది ఎడమచేతి వాటం. నలుగురిలో ఎడమ చేత్తో ఏమీ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, చూపించకూడదు. అందుకే జనం ముందు అతను కుడిచేతి మనిషి. డాష్‌బోర్డు కింద మాత్రం పుట్టినప్పటి మనిషి.

ఎర్ర దారమున్న అతుకు దగ్గరికి వచ్చేసరికి కత్తెర తీసి పటుక్కున కోసి పారేశాడు.

కరిగిన ఫ్యూజుని మాత్రం మసితో సహా, తీగెతో సహా పెకిలించి, తుడవకుండా పాత పేపర్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సాక్ష్యం!

ఇక అసలు జబ్బు మిగిలింది. ఆ ఐదో ఫ్యూజు వెనక దీపాలది, ఏడాదిగా ఊరికే కాలుతోంది. మూడుసార్లు మార్చాడు. ఎక్కడో తీగె రేకుకి రాసుకుంటోంది, ఎక్కడో తెలియలేదు. కొత్త ఫ్యూజు వేసి, దీపాలు వెలిగించి, వెనక తలుపు పది సార్లు ఎత్తి దించాడు. కాలలేదు. ఇరవై సార్లు. కాలలేదు. తలుపు బందు దగ్గర రబ్బరు గొట్టం పక్కకి లాగి చూశాడు.

లోపల ఒరుసుకుపోయిన తీగె. దాని మీద కొత్త అతుకు. పదకొండు చుట్లు. ఎర్ర దారం.

తను ఏడాదిలో కనుక్కోలేనిది వాడు దారిపక్కన నిలబడి కనుక్కున్నాడు.

మధ్యాహ్నం అబ్రఫి క్యారియర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. దీపాలు వెలుగుతుంటే చూసి, "అమ్మయ్య, మా ఆయన చేయి పడితే చాలు" అంది.

"నా చేయేనా?"

"అదేం మాట?"

"దారిలో ఎవరు ముట్టుకున్నారు బండిని?"

ఆమె క్యారియర్ మూత తియ్యడం ఆపింది. ఒక్క క్షణమే. "గురువారం వానలో పొగొచ్చి ఆగిపోతే ఎవరో మెకానిక్ చూశాడు. ఒఫిన్సో దాటాక."

"ఎవరో అంటే?"

"పేరడగలేదు. తిను, చల్లారిపోతుంది."

పద్నాలుగేళ్లలో ఆమె తనకి చెప్పిన మొదటి అబద్ధం ఇదేనా, లేక తను పట్టుకున్న మొదటిది ఇదా? నిమాకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మిగతా వేరుశెనగ పులుసు మీద మూత పెట్టేశాడు.

ఆమె అటు వెళ్లగానే అతను చెయ్యి కడుక్కుని సంఘం పెద్ద అసుబొంతెంగ్ షెడ్డుకి నడిచాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి ముందు పెట్టాడు.

"అదార్క్వా నా భార్య బండిలో ఫ్యూజుకి తీగె చుట్టాడు పెద్దయ్యా. పక్కనే వాడి ఎర్ర దారం ఉంది. విచారణ పెట్టండి."

ముసలాయన పొట్లం విప్పి చూసి, మళ్లీ మడిచి, "అదార్క్వానా?" అన్నాడు.

"అదార్క్వానే."

"రుజువైతే మూడు నెలలు వాడి పనిముట్ల పెట్టెకి తాళం. తెలుసుగా?"

"తెలిసే వచ్చాను."

*

సువామేలో మాట ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి పాకడానికి స్పానర్ తిప్పినంత సేపు పట్టదు. మంగళవారం అబ్రఫి టెచిమాన్ వెళ్లలేదు. నేరుగా అతని ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఫిర్యాదు వెనక్కి తీసుకో."

"పేరడగలేదన్నావుగా? మరి ఆ పేరు మీద ఇంత ప్రేమేమిటి?"

"చెప్తే ఇలా అవుతావనే చెప్పలేదు. నడిరోడ్డు మీద పొగలో చిక్కుకుంటే ఆ దారిన పోతూ ఆగాడు. వానలో తడుస్తూ బాగుచేసి పంపాడు. అంతే!"

"వానలో ఎంతసేపు?"

"చీ! నోరు కడుక్కో." ఆమె ఒకడుగు ముందుకేసింది. "ఆ తీగెని ఒక్కసారి తుడిచి చూశావా?"

"తుడవడానికేముంది? వాడే చుట్టి, వాడే కాల్చి, మళ్లీ వాడే వచ్చి దేవుడిలా కాపాడాడు. నీ కళ్లలో పెద్దవాడవడానికి!"

అబ్రఫి నడుం మీంచి చేతులు తీసేసింది. "నేను చెప్తే నమ్మవు. ఎవరు చెప్పినా నమ్మవు. సరే, రేపు విచారణకి నేనూ వస్తాను. సీసా తెస్తాను."

సీసా అంటే ఏమిటో నిమాకోకి తెలుసు. పెళ్లినాడు అతని వాళ్లు ఆమె వాళ్ల ముందు పెట్టిన జిన్ను సీసాతో ఆమె అతని భార్య అయింది. అలాంటి సీసా పెద్దల ముందు తిరిగి పెట్టేస్తే ఇక కాదు.

"సీసానా?" అన్నాడు.

"తప్పు వాడిదే అని రేపు నీ నోటితో నలుగురిలో అను. ఆ తర్వాత నేను చెయ్యాల్సింది చేస్తా." ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. ఆ రాత్రి పుట్టింట్లో పడుకుంది.

అయినా నిమాకో ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే వాడు గెలిచినట్టు.

*

బుధవారం పొద్దున తొమ్మిదింటికి సంఘం రేకుల పాక కిందికి యాభై మంది చేరారు. బాఫో ముందు బెంచీ మీద వేరుశెనగలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. అబ్రఫి నల్ల బట్టలు కట్టుకుని ఒక మూల నిలబడింది. చేతిలో అల్లిక సంచి. సంచిలోంచి సీసా మూతి కనబడుతోంది.

అదార్క్వా వచ్చాడు. గంజి పెట్టిన చొక్కా, తలుపు దగ్గర వంగాల్సినంత పొడుగు. నిమాకోని చూసి తలూపాడు. ఆ తల ఊపడం కూడా నిమాకోకి భరించలేనంత మర్యాదగా అనిపించింది.

అసుబొంతెంగ్ పొట్లం విప్పి, ఫ్యూజుని బల్ల మీద పెట్టాడు. పెట్రోలులో ముంచిన గుడ్డతో దాన్ని నెమ్మదిగా తుడుస్తూ అడిగాడు. "అదార్క్వా, ఎర్ర దారం నీదేనా?"

"నాదే పెద్దయ్యా."

"ఈ తీగె?"

అదార్క్వా ఒకసారి అబ్రఫి వైపు చూశాడు. ఒకసారి నిమాకో చేతుల వైపు చూశాడు.

"నేనే చుట్టాను."

పాకంతా గోలగోలైంది. బాఫో చేతిలో వేరుశెనగలు కింద పడ్డాయి. "నువ్వా? నా కొట్లో స్క్రూలు కూడా కడిగి కొనేవాడివి, నువ్వా?" అని అరిచాడు.

"నోరు ముయ్యి బాఫో," అన్నాడు పెద్దాయన. "అదార్క్వా, ఒప్పుకుంటే మూడు నెలలు తాళం."

"వేసుకోండి."

నిమాకో గెలిచాడు. కావలసింది అదే. అయితే గుండెలో పండగ లేదు. అతను అబ్రఫి వైపు చూశాడు. ఆమె కళ్లు అదార్క్వా మీదున్నాయి. ఆ కళ్లలో నీళ్లున్నాయి. పద్నాలుగేళ్లలో ఆ చూపు తన మీద ఎన్నిసార్లు నిలిచిందో నిమాకో లెక్కపెట్టుకోబోయి భయపడి ఆగిపోయాడు.

అప్పుడు అతని చూపు బల్ల మీద పడింది.

మసి వదిలింది. రాగి మెరుస్తోంది. తీగె కొనలు మెలిపెట్టిన చోట మెలిక ఎడమకి తిరిగి ఉంది. కుడిచేతివాడు ఎవడు మెలిపెట్టినా మెలిక కుడికి తిరుగుతుంది. సువామేలో ఎడమకి మెలిపెట్టేవాడు ఒక్కడే.

పోయిన నెల. శుక్రవారం సాయంత్రం. ఎజురాలో ఎవరో ముసలమ్మ దినానికి బయల్దేరుతూ అబ్రఫి హారన్ కొడుతోంది, త్వరగా కానియ్యమని. ఎజురా అంటే అదార్క్వా సొంతూరు. వాడూ వస్తాడు. చేతులు స్టీరింగు కింద ఉన్నాయి, బుర్ర ఎజురాలో ఉంది. కొత్త ఫ్యూజు కోసం లేచి వెళ్లే ఓపిక లేక, సోమవారం మారుద్దాంలే అని, కింద దొరికిన తీగె ముక్క చుట్టి, మెలిపెట్టి, పొమ్మన్నాడు. సోమవారం వచ్చింది. ఆమె దినం కబుర్లు చెప్తుంటే, అదార్క్వా పేరు వస్తుందేమోనని చెవులు రిక్కించి వింటూ ఫ్యూజు సంగతే మర్చిపోయాడు.

అదార్క్వా ఆ మెలిక వానలోనే చూసి ఉంటాడు. తుడిచి చూశావా అని అబ్రఫి అడిగింది అందుకే. ఇద్దరికీ తెలుసు.

పాకలో ఇంకెవరికీ తెలియదు. పెద్దాయన కళ్లజోడు సర్దుకుంటున్నాడు, ఫ్యూజుని మళ్లీ కాగితంలో చుట్టబోతున్నాడు. నిమాకో నోరు మూసుకుంటే చాలు. వాడి షెడ్డు మూడు నెలలు మూతపడుతుంది. వాడి గిరాకీ అంతా తన దగ్గరికొస్తుంది.

అప్పుడు ఆ మూడు నెలలూ అతని కళ్లముందు కదిలాయి. పొద్దున బజారుకి పోతూ, సాయంత్రం బజారు నుంచి వస్తూ, అబ్రఫి ఆ మూసిన షెడ్డు ముందు నుంచే నడవాలి. నడిచిన ప్రతిసారీ ఆగి చూస్తుంది. నా మొగుడి తప్పు మీదేసుకున్న మనిషి ఇక్కడ ఉండేవాడు అనుకుంటుంది. ఆ తాళం తుప్పు పట్టేకొద్దీ వాడు పెరుగుతాడు. పొడుగులో ముందే జానెడు ఎక్కువ. ఇక అందడు.

ఇదా వీడి ఎత్తు? దీన్ని కూడా వీడే గెలుచుకోవాలా?

"అబద్ధం!"

తన గొంతేనా అది? నిమాకో బల్ల దగ్గరికి దూసుకెళ్లాడు.

"వాడు అబద్ధమాడుతున్నాడు పెద్దయ్యా. ఆ తీగె చుట్టింది వాడు కాదు, నేను!"

"ఏంట్రా నిమాకో, ఫిర్యాదు ఇచ్చింది నువ్వేగా?"

"ఇచ్చింది నేనే, చుట్టింది నేనే. మెలిక చూడండి. ఎటు తిరిగింది?" అతను బల్ల మీద పడున్న తీగె ముక్క ఒకటి తీసుకుని, యాభై మంది ముందు, పెద్దల ముందు, ఎడమ చెయ్యి ఎత్తి మెలిపెట్టి చూపించాడు. ఎవరో ముసలివాడు "ఆ చెయ్యి దించు!" అని గదమాయించాడు. నిమాకో దించలేదు. "ఇదిగో. ఇదీ అదీ ఒకటే. మూడు నెలలు నాకు వెయ్యండి. వాడికి ఒక్క రోజు కూడా వెయ్యడానికి వీల్లేదు!"

పెద్దాయన రెండు మెలికలూ పక్కపక్కన పెట్టి చూశాడు. 

"నువ్వెందుకు ఒప్పుకున్నావురా?" అన్నాడు అదార్క్వాతో.

అదార్క్వా మెడ గోక్కున్నాడు. "మాస్టర్‌కి వీడి ఎడమ చెయ్యి కనబడితే వాత పెట్టేవాడు పెద్దయ్యా. ఆరేళ్లు నేనే అడ్డంగా నిలబడేవాణ్ని. అలవాటు పోలేదు."

జనం నవ్వారు. నిమాకోకి ఆ నవ్వు కూడా వాడికే దక్కిందనిపించింది.

అసుబొంతెంగ్ ఫ్యూజుని బల్ల మీద కొట్టాడు. "నిమాకో పనిముట్ల పెట్టెకి మూడు నెలలు తాళం. ఒప్పుకున్నాడు కాబట్టి ఒక నెల తగ్గిస్తున్నాం. తోటివాడి మీద నింద వేసినందుకు రెండు జిన్ను సీసాలు, ఇప్పుడే, ఇక్కడే. అదార్క్వా ముందు పెట్టి తప్పయిందనాలి."

నిమాకో ఖాళీ చేతులు చూసుకున్నాడు.

మూలలోంచి చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. అబ్రఫి సంచిలో చెయ్యి పెట్టి సీసా పైకి తీసింది.  ఆ సీసా పెద్దల ముందు ఏ మాటతో దిగుతుందో ఆమె నోటికే తెలుసు.

ఆమె సీసాని అదార్క్వా ముందు టక్కున పెట్టింది.

"ఒకటి ఇదిగో పెద్దయ్యా. రెండోది కొనుక్కురావడానికి ఈయనకి కాళ్లున్నాయి."

బాఫో చప్పట్లు కొట్టాడు. నిమాకో రెండో సీసా కోసం పరుగెత్తాడు. జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు.

*

ఇంటికెళ్లే ముందు బండి దగ్గర నిలబడి అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"సీటు ఎందుకు వెనక్కి జరిగింది?"

"ఏ సీటు?"

"డ్రైవరు సీటు. వాడు కూర్చున్నాడా?"

అబ్రఫి నుదురు కొట్టుకుంది. "నువ్వేగా పెట్టె మార్చింది! సీటు ముందుకుంటే స్టీరింగు కింద మనిషి దూరగలడా? అతనూ అలాగే దూరాడు. అందుకే సోమవారం దిగేముందు నేనే వెనక్కి జరిపా!"

నిజమే. సోమవారం పొద్దున తను కూడా ఆ కిందే దూరాడు. సీటు జరపాల్సిన పని పడనేలేదు, ముందే జరిగి ఉంది. నిమాకో తల గోక్కుని, ఏమీ అననట్టు బండి వెనక్కి నడిచాడు. వెనక తలుపు ఎత్తాడు. రబ్బరు గొట్టం పక్కకి లాగాడు. పదకొండు చుట్లు. దగ్గర దగ్గరగా, పళ్లు పేర్చినట్టు. అంత చక్కటి అతుకు తను ఎప్పుడూ వెయ్యలేదు.

అతని చెయ్యి తనకి తెలియకుండానే జేబులోని కత్తెర కోసం వెళ్లింది. ఇంకో జేబులో ఆకుపచ్చ దారం రీలుంది.

"ఏమయ్యా," అంది అబ్రఫి స్టీరింగు ముందు నుంచి, అద్దంలో చూస్తూ. "ఆ దారం మీద కత్తెర పడిందంటే ఇంకో సీసా తెస్తా. ఈసారి ఎవరి ముందు పెడతానో నీకు తెలుసు."

నిమాకో కత్తెర జేబులో పెట్టుకుని, వెనక తలుపు నెమ్మదిగా, తీగె ఒరుసుకోకుండా, మూశాడు.